ఇన్నూట పన్నెండు డిగ్రీలు

ఏలూరులో మిషను వారి ఇండస్ట్రియల్ స్కూల్లో నేను చాలా ఏళ్ళు వేడి గురించి పాఠం చెప్పాను. వేడి ఒక వస్తువులోంచి ఇంకో వస్తువులోకి ఎలా పోతుంది, నీళ్ళు ఆవిరైతే ఆ ఆవిరి ఇంజను చక్రాన్ని ఎలా తిప్పుతుంది, ఇదీ నా పాఠం. అవి పంతొమ్మిది వందల ముప్పైల రోజులు. తాడేపల్లిగూడెంలోనూ చుట్టుపక్కలా రైసుమిల్లులు ఒకదాని తరవాత ఒకటి లేస్తున్నాయి. మిల్లుకో బాయిలరు. బాయిలరు పొయ్యిలోకి ఊక ఎగదోయటానికి ఒక ఫైర్‌మాన్, అతని పైన ఒక డ్రైవరు. మా మెకానికల్ క్లాసు వాళ్ళంతా ఆ డ్రైవరు ఉద్యోగం మీద ఆశతోనే చదివేవాళ్ళు.

నేను ఇంజనీరుని కాను. ఉపదేశి కొడుకుని. మా నాన్న ఊరూరా నడిచి వాక్యం చెప్పేవాడు. చదువు రానివాళ్ళకు విశ్వాసపు సంగతులన్నీ ప్రశ్నలూ జవాబులుగా కట్టి కంఠస్థం చేయించేవాడు. ముసలివాళ్ళు కూడా పొలం గట్టున కూర్చుని ఆయనకు అప్పజెప్పటం నేను చూశాను. నేను టీచరు ట్రైనింగు పాసయ్యాను, రెండేళ్ళు ఫిట్టరు పని నేర్చుకున్నాను. ఆ తరవాత స్కూలు వారు ఈ పాఠం నా నెత్తిన పెట్టారు. నాకు తెలిసిన పద్ధతి మా నాన్నది ఒక్కటే. సూపరింటెండెంటు దొరగారి దగ్గర ఇంగ్లీషు పుస్తకం అడిగి తెచ్చి, అందులో ఉన్నదాన్ని తెలుగులో ప్రశ్నలు, జవాబులుగా ఒక నోటుబుక్కులో రాసుకుని, పుస్తకం తిరిగి ఇచ్చేశాను. రోజూ ఉదయం ప్రార్థన కాగానే క్లాసంతా నిలబడి అప్పజెప్పాలి.

"వేడి ఎటు ప్రవహించును?"

"ఎక్కువ వేడి గల వస్తువు నుండి తక్కువ వేడి గల వస్తువునకు ప్రవహించును."

"నీరు ఎప్పుడు మరుగును?"

"ఇన్నూట పన్నెండు డిగ్రీల వద్ద మరుగును."

అప్పట్లో మా లెక్కంతా ఫారన్‌హీటు డిగ్రీల్లోనే. ముప్పై గొంతులు ఒక్కసారి లేచేవి. ఒకరోజు వంటశాలకు బియ్యం బస్తా తెచ్చిన కూలీ మా గుమ్మం దగ్గర ఆగి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు. విని "ఆమేన్" అన్నాడు. కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వానుగాని లోపల గర్వపడ్డాను.

ఆ పాఠాల్లో నాకు ప్రాణమైనది ఒకటుంది. గాజుబుడ్డిలో నీళ్ళు పోసి, అందులో తర్మామీటరు ఉంచి, స్పిరిటు దీపం మీద పెట్టేవాణ్ణి. పాదరసం ఎక్కి ఎక్కి, నీళ్ళు మరగటం మొదలవగానే ఆగిపోతుంది. కింద మంట మండుతూనే ఉంటుంది. వేడి లోపలికి పోతూనే ఉంటుంది. పాదరసం మాత్రం కదలదు. "మరి ఆ వేడంతా ఎక్కడికి పోతోంది?" అని అడిగేవాణ్ణి. ఆవిరిలో దాక్కుంటోందని చెప్పి, కంటికి కనబడకుండా పనిచేసే కృపను గురించి నాలుగు మాటలు చేర్చేవాణ్ణి. ఇప్పటికీ ఆ పోలిక తప్పని నేను అనుకోను. చెప్పినవాడిలోనే ఉంది తప్పు.

ఆ ఏడు క్లాసులో కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. మిగతావాళ్ళ కంటే పెద్దవాడు, పాతికేళ్ళుంటాయి, పెళ్ళయినవాడు. తాడేపల్లిగూడెంలో ఒక మిల్లులో రెండు సీజన్లు ఫైర్‌మాన్‌గా చేసి వచ్చాడు. మంట సెగకు అతని ముంజేతుల మీద వెంట్రుక మొలిచేది కాదు. అప్పజెప్పటంలో అందరికంటే వెనక. మిల్లులో పాత డ్రైవరు నీటిమట్టం చూడకుండానే చూసినట్టు పుస్తకంలో రాసేవాడట. ఒకనాడు నీళ్ళు తగ్గి గొట్టం కాలిపోయింది. షావుకారు ఆ డ్రైవరును పంపేసి, ఇతనితో, "నువ్వు చదువుకుని రావయ్యా. పాసైనట్టు కాయితం ఒకటి, నిజాయితీ గలవాడని దొరగారి ఉత్తరం ఒకటి తే. బాయిలరు నీకే ఇస్తాను" అన్నాడట. ఆ మాట పట్టుకుని, పెళ్ళాన్ని తల్లి దగ్గర వదిలి, తనకంటే చిన్నవాళ్ళ మధ్య బల్ల మీద కూర్చున్నాడు.

జూలైలో ఒక ఉదయం, అప్పజెప్పటం అయ్యాక అతను లేచి నిలబడ్డాడు.

"మాస్టారండీ, ఒక్క మాటండీ."

"ఏమయ్యా?"

"బాయిలర్లో నీళ్ళు ఇన్నూట పన్నెండు దగ్గర ఆగవండీ."

"ఆగక ఎక్కడికి పోతాయి, కొల్లేటికా?"

క్లాసు నవ్వింది. అతనూ కొంచెం నవ్వాడు.

"పైకి పోద్దండీ వేడి. ఆవిరి ఒత్తిడి చూపే గేజీ ఎక్కేకొద్దీ వేడీ ఎక్కుద్దండీ. పోయినేడు మా మిల్లులో ఇంజను బిగించటానికి మద్రాసు నుంచి ఒకాయన వచ్చారండీ. ఆవిరి గొట్టానికి తర్మామీటరు దింపటానికి చిన్న గుంట ఉందండీ. దాంట్లో దింపారు. మూడు వందల పదండీ. నేను పక్కనే దీపం పట్టుకు నుంచున్నాను. నా కళ్ళతో చూశాను."

"తర్మామీటరు చదవటం అప్పటికే వచ్చా నీకు?"

"రాదండీ. ఆయన చదివి చెప్పారండీ."

"ఒకసారి నీ కళ్ళతో చూశానంటావు. ఒకసారి ఆయన చెప్పాడంటావు. రెండిట్లో ఏది నిజం?"

"పాదరసం ఎక్కటం నేను చూశానండీ. అంకె ఆయన చెప్పారండీ."

వెనక బల్ల మీంచి ఎవరో, "కొల్లేటోళ్ళ నీళ్ళు కదండీ మాస్టారూ, కాస్త ఎక్కువే మరుగుతాయి" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నేను గాజుబుడ్డి దీపం మీద పెట్టాను. నీళ్ళు మరిగాయి. పాదరసం ఎప్పుడూ ఆగే చోటే ఆగింది.

"రా. వచ్చి చూడు. ఎక్కడాగింది?"

అతను వంగి చూశాడు.

"దీనికి మూత లేదు కదండీ" అన్నాడు.

ఆ ఒక్క మాటలో నాకు రాని పాఠమంతా ఉంది. నేను ఊరుకుని ఆలోచించి ఉంటే సరిపోయేది. కాని ముప్పైమంది నా మొహం చూస్తున్నారు. నా స్థానంలో మద్రాసు నుంచి డిప్లొమా చదివినవాణ్ణి తెస్తారని అప్పటికే మాట నడుస్తోంది. నాకు కోపం వచ్చింది.

"పుస్తకంలో ఉన్నదానికంటే నీకు ఎక్కువ తెలుసా? చూడనిదాన్ని చూశానంటున్నావు. శనివారం ఒప్పుకో" అన్నాను.

ఆ శనివారం సంగతి చెప్పాలి. మా స్కూల్లో ప్రతి శనివారం సాయంత్రం గుడిలో ఒప్పుకోలు కూటం జరిగేది. ఆ వారంలో తప్పు చేసినవాడు లేచి నిలబడి తన నోటితో చెప్పాలి. తోటలో జామకాయలు కోసినవాడు, చుట్ట కాల్చినవాడు, ఒకణ్ణొకడు కొట్టుకున్నవాళ్ళు, అందరూ చెప్పేవారు. తప్పు పట్టిన మాస్టరు పేరు పిలుస్తాడు. దొరగారు నడవడి పుస్తకంలో రాసుకుంటారు. ఒప్పుకున్నవాడి కోసం అందరం ప్రార్థన చేస్తాం, దానితో అయిపోతుంది. ఒప్పుకోనివాడికి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు, ఏడాది చివర దొరగారి ఉత్తరమూ లేదు. మంచి కోసమే పెట్టుకున్న ఆచారం అది. దానివల్ల బాగుపడినవాళ్ళను నేను ఎరుగుదును. నేనూ కుర్రవాడిగా ఉన్నప్పుడు అలా నిలబడి ఏడ్చినవాణ్ణే.

శుక్రవారం సాయంత్రం దొరగారి బంగళాకు వెళ్ళాను. ఆ వాక్యం ఉన్న పుట తెచ్చి అతనికి చూపించి నోరు మూయించాలని నా ఉద్దేశం. దొరగారు బీరువాలోంచి పుస్తకం తీసి ఇచ్చి, వరండాలో కుర్చీ చూపించారు.

వాక్యం దొరికింది. నీరు ఇన్నూట పన్నెండు డిగ్రీల వద్ద మరుగునని ఉంది. దాని ముందు ఇంకో నాలుగు మాటలు కూడా ఉన్నాయి. సాధారణమైన గాలి ఒత్తిడి కింద, అని. చూడగానే జ్ఞాపకం వచ్చింది. నోటుబుక్కు రాసేటప్పుడు ఆ మాటలు నేనే తీసేశాను. కుర్రాళ్ళ నాలుక తిరగదని, వల్లె వేయటానికి వాక్యం పొడవైపోతుందని. ఏళ్ళు గడిచేసరికి అవి ఉండేవన్న సంగతే మరిచిపోయాను. పుస్తకం చివర ఒక పట్టిక ఉంది. ఒక వరుసలో ఒత్తిడి, పక్క వరుసలో ఆ ఒత్తిడి దగ్గర నీరు మరిగే వేడి. వేలు పెట్టి కిందికి దిగాను. గేజీ మీద అరవై కొంచెం దాటిన చోట మూడు వందల పది ఉంది.

బైబిల్లో రాసినదాంట్లోంచి ఒక్క మాట తీసివేసినవాడి గతి ఏమిటో పాలు తాగే వయసు నుంచి విన్నవాణ్ణి నేను. ఆ భయం ఆ ఒక్క పుస్తకానికే చెల్లుతుందని అనుకున్నాను కాబోలు.

దొరగారు లోపల్నుంచి వచ్చారు. "మీకు కావలసినది దొరికెనా?" అని అడిగారు. ఆయన తెలుగు ఎప్పుడూ గ్రంథంలోంచి చదివినట్టే ఉండేది.

"దొరికిందండీ" అని పుస్తకం మూసి ఇచ్చాను.

అప్పుడే ఆయనతో ఒక మాట అంటే ఆ విషయం ఆ వరండాలోనే ముగిసేది. ఇంటికి నడిచి వస్తూ, రేపు పొద్దున్నే అతన్ని పిలిచి చెబుదామనుకున్నాను. పొద్దున అయ్యాక, మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం మోకాళ్ళూని ధైర్యం ఇమ్మని ప్రార్థించాను. చెప్పటానికి నాకు ధైర్యం అక్కర్లేదు, కాళ్ళు కదిపి హాస్టలు దాకా వెళితే చాలు. కదలకుండా ఉండటానికి ప్రార్థనను అడ్డం పెట్టుకున్నాను.

ఆ శనివారమే అతని తల్లి పడవ మీద ఏలూరు వచ్చింది. కొడుకును చూసి, గుడిలో కూర్చుని, మర్నాడు ఆరాధన చూసుకుని పోదామని. ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద, చెంగు తల నిండా కప్పుకుని కూర్చుంది. నా వంతు వచ్చింది. పేరు పిలవకపోయినా అడిగేవారు లేరు. పిలిచాను.

అతను లేచాడు. నా వైపు చూడలేదు, తల్లి వైపూ చూడలేదు.

"క్లాసులో నేను చూడనిదాన్ని చూశానని చెప్పాను. అది అబద్ధం. దేవుడు నన్ను క్షమించాలి" అన్నాడు.

దొరగారు రాసుకుని, ప్రార్థన చేయమని నాకే చెప్పారు. చేశాను. మంచి మాటలే వచ్చాయి. నా కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. వెనక ఉన్నవాళ్ళు నిట్టూర్చారు. ఆమేన్ అన్నాను.

గుడి బయట ఆమె నా దగ్గరకు వచ్చింది. ఆకులో చుట్టిన ఎండురొయ్యల పొట్లం నా చేతిలో పెట్టింది.

"మావాడు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఎరగడండీ మాస్టారండీ. ఇక్కడికి చదువుకొచ్చాక నేర్చాడాండీ?"

దెప్పటానికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను శోధన ఎవరికైనా వస్తుందమ్మా అని, ఒప్పుకున్నవాడు ధన్యుడని ఏవో చెప్పాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. పొట్లం ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వంకాయతో వండింది. తిన్నాను.

ఆ ఏడాది అతను పరీక్ష పాసయ్యాడు. దొరగారు ఉత్తరం ఇచ్చారు. కష్టజీవి, మితభాషి, ఒకసారి అబద్ధమాడి ఒప్పుకొని క్షమాపణ పొందినవాడు అని రాశారు. ఆయనకు నడవడి పుస్తకంలో ఉన్నది దాచటం తెలియదు. గూడెంలో షావుకారు గుమస్తా చేత ఆ ఉత్తరం చదివించుకున్నాడట. ఒకసారి కాలిపోయిన గొట్టం సంగతి షావుకారు మరిచిపోలేదు. డ్రైవరు పని మా క్లాసులోనే ఇంకొకడికి ఇచ్చాడు. అందరికంటే బాగా అప్పజెప్పేవాడతను. అతనే కృతజ్ఞతతో నాకు కార్డు రాశాడు. కొల్లేటి అతను మళ్ళీ ఫైర్‌మాన్‌గా తన కిందే ఉన్నాడని, బాగా పనిచేస్తున్నాడని అందులో ఉంది.

ఈలోపు నోటుబుక్కులో ఆ నాలుగు మాటలూ చేర్చేశాను. కొత్త క్లాసు పూర్తి వాక్యం అప్పజెప్పింది. ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు. వాళ్ళకు పాతది తెలియదు.

మరుసటి ఏడు కొత్త క్లాసును రైల్లో గూడెం తీసుకువెళ్ళాను, బాయిలరు చూపించటానికి. ఏ మిల్లుకు వెళ్ళాలో నిర్ణయించింది దొరగారు. నేను వేరే మిల్లు పేరు చెప్పాను, కాని కారణం చెప్పలేకపోయాను.

కొల్లేటి అతను పొయ్యి నోటి దగ్గర ఉన్నాడు. పార నిండా ఊక తీసి లోపలికి విసిరి, నన్ను చూసి, చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టి, మళ్ళీ పార అందుకున్నాడు. డ్రైవరు తెల్లచొక్కా వేసుకుని మా వాళ్ళకు గేజీ, నీటిమట్టం చూపే గాజుగొట్టం, సేఫ్టీ వాల్వు చూపిస్తున్నాడు. గేజీ ముల్లు ఎనభై మీద ఉంది.

మా కుర్రాడొకడు, "లోపల నీళ్ళు ఎంత వేడి మీద ఉన్నాయండీ?" అన్నాడు.

"ఇన్నూట పన్నెండు డిగ్రీలు" అన్నాడు డ్రైవరు, తడుముకోకుండా.

మావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు. "ఇదేమన్నా కాఫీకి పెట్టిన నీళ్ళటండీ? గేజీ ఎనభై మీదుందిగా!" అన్నాడు ఇంకొకడు. డ్రైవరు మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు.

"మీరే కదండీ మాస్టారండీ చెప్పింది? రోజూ అప్పజెప్పించారు కదండీ?"

పార చప్పుడు ఆగింది. అప్పుడు చెప్పాను. తప్పించుకునే దారి ఉంటే అప్పుడూ చెప్పేవాణ్ణి కానేమో. ఆ వాక్యంలో నాలుగు మాటలు నేనే తీసేశానని, ఇతను క్లాసులో లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడని, అబద్ధమని ఒప్పించింది నేనని చెప్పాను. శుక్రవారం నాటి పట్టిక సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. తెలియక చేశాననే వాళ్ళంతా అనుకున్నారు.

కుర్రాళ్ళను ఇంజను గదిలోకి పంపి, ఊక బూడిద పోసే చోటుకు అతని వెనకే వెళ్ళాను.

"నన్ను క్షమించవయ్యా" అన్నాను.

"పాఠమే కదండీ. పొరపాటు ఎవరికైనా వస్తుందండీ."

"పొరపాటు కాదు. నువ్వు ఒప్పుకున్న ముందురోజే నాకు తెలిసింది. పుస్తకంలో చూశాను."

అతను మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"అయితే మీరు ప్రార్థన చేసేటప్పుడు మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"నాకూ తెలుసండీ" అన్నాడు. "నేనన్నది అబద్ధమని. చూసినదాన్ని చూళ్ళేదన్నాను దేవుడి ముందర. ఉత్తరం కోసమండీ. ఆ ఆదివారం నుంచీ ప్రభువు బల్ల దగ్గరికి పోలేదండీ నేను. మా అమ్మ ఎందుకని అడుగుద్ది. ఏం చెప్పమంటారు? అబద్ధం ఆడలేదమ్మా, ఆడానని అబద్ధం ఆడాను అని చెప్పనా? ఆవిడకి బోధపడుద్దాండీ?"

అతని కోపం పెద్దగా ఉంటే నాకు తేలికగా ఉండేది. లోపల డ్రైవరు పిలిచాడు, ముల్లు దిగుతోందని. అతను వెళ్ళిపోయాడు.

ఏలూరు వచ్చి దొరగారికి అంతా చెప్పాను, పట్టికతో సహా. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నడవడి పుస్తకంలో ఆ వరుస కొట్టివేసి, షావుకారుకు వేరే ఉత్తరం రాస్తానన్నారు. సంఘంలో చెప్పనవసరం లేదు, పిల్లలకు గురువు మీద గౌరవం పోవును అన్నారు. ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. ఆ తేలిక చూసుకుని సిగ్గేసింది. శనివారం నేనే లేచాను. నా పేరు నేనే పిలుచుకుని, ఒక మాట మిగల్చకుండా చెప్పాను.

ఏం జరిగిందో రాయటానికే నాకు కష్టంగా ఉంది. ముసలమ్మలు కళ్ళు ఒత్తుకున్నారు. సంఘపు పెద్ద ఒకాయన నన్ను కౌగిలించుకుని, "ఎంత తగ్గింపండీ మాస్టారూ మీది!" అన్నాడు. వారం తిరిగేసరికి నన్నూ సంఘపు పెద్దగా ఎన్నుకోవాలని మాట బయల్దేరింది. అదే చోట నిలబడి అతను ఒప్పుకుంటే బతుకు మీద మచ్చ పడింది. నేను ఒప్పుకుంటే దండ వేస్తామంటున్నారు. వద్దన్నాను. వద్దన్నందుకు ఇంకా మెచ్చుకున్నారు.

షావుకారు కొత్త ఉత్తరం చదివించుకుని, ఇప్పుడున్న డ్రైవరును ఏ తప్పు చూసి తీసేయమంటారని జవాబు రాయించాడు.

చివరికి ఆ తల్లికి నేనే చెప్పాలనిపించింది. ఒక సోమవారం సెలవు పెట్టి కొల్లేటి గట్టు దాకా బండి మీద పోయి, అక్కడి నుంచి తాటిదోనెలో లంకకు వెళ్ళాను. ఆమె ఇంటి ముందు గడ్డి మీద చేపలు ఆరబెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కోడలు గుమ్మంలోకి వచ్చింది. నిలబడే అంతా చెప్పాను, ఆమెకు అర్థమయ్యేలా. మూత లేని కుండ, మూత బిగించిన కుండ అని కూడా చెప్పాను. అదంతా ఆమె వినలేదు.

"అయితే ఆ రోజు గుడి బయట నేనడిగినప్పుడు మీకు తెలుసాండీ?"

"తెలుసమ్మా."

"మావాడు అబద్ధం ఆడలేదండీ?"

"నేను ఆడించానమ్మా."

ఆమె వంగి, ఒక్కొక్క చేపా తిరగేయటం మొదలుపెట్టింది. వరుస చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. లోపలికి రమ్మనలేదు. గడపకు వచ్చినవాడికి మంచినీళ్ళివ్వకుండా పంపే ఇల్లు మా ప్రాంతంలో నేనెక్కడా చూడలేదు. కోడలు చెంబుతో బయటికి రాబోతే అత్తగారు చేత్తో ఆపింది. కాని ఆమె గొంతులో మర్యాద ఎక్కడా తగ్గలేదు.

"గాలి మారుతోందండీ మాస్టారండీ. దోనె మళ్ళీ దొరకదు. బయల్దేరండి."